వేళ్ళతో ఎంచుకున్న డబ్బా

ల్యాప్‌టాప్ కొనడానికి దుకాణంలోకి వెళ్తే అమ్మేవాళ్ళు ముందుగా చేసే పని, మూత తెరిచి తెరను నా వైపు తిప్పడం. రంగులు ఎంత బాగున్నాయో వర్ణిస్తారు. నా చేతిలో తెల్లకర్ర ఉంటుంది, కళ్ళకు నల్లద్దాలుంటాయి. అయినా తిప్పుతారు. అలవాటులో పొరపాటు అని సర్దుకుపోవచ్చు. కానీ నేను 'ఆహా' అంటానేమోనని వాళ్ళు ఎదురుచూస్తూ ఆగినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆరేళ్ళ వయసులో జ్వరం వచ్చి నాకు చూపు పోయింది. తెరతో నాకు పని లేదు. అందులో ఉన్నది చదివి చెవిలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది. నా లెక్కలో ల్యాప్‌టాప్ అంటే దాని ఒళ్ళు. పై మూత, అడుగు, మణికట్లు ఆనే చోటు, అంచులు, మూతను పట్టి ఉంచే కీళ్ళు. ఆ కీళ్ళను దుకాణాల్లో హింజ్ అంటారు. రోజుకు తొమ్మిది గంటలు నా చేతులు వీటి మీదే ఉంటాయి. జనం కుర్చీ కొనేటప్పుడు కూర్చుని చూస్తారు, చెప్పులు కొనేటప్పుడు తొడిగి చూస్తారు. నేను ల్యాప్‌టాప్‌ను తడిమి చూసి కొంటానంటే మాత్రం నవ్వుతారు.

ఈ సంగతి జరిగిన సంవత్సరం బేగంపేటలో ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. రికార్డు చేసిన మాటలు విని తెలుగులో టైపు చేసే పని. పరిశోధనలు చేసేవాళ్ళు ఊళ్ళు తిరిగి రైతులతో, నేతపనివాళ్ళతో మాట్లాడి రికార్డు చేసుకొస్తారు. ఎదుటివాళ్ళు దగ్గిన చోటు కూడా వదలకుండా మేం ఎక్కించాలి. అంతకుముందు నేను చేసిన ఉద్యోగాలన్నీ జాలితో ఇచ్చినవే. ఒకచోట రోజుకు రెండుసార్లు మోగే ఫోను ముందు నాలుగేళ్ళు కూర్చోబెట్టారు. ఇక్కడ మాత్రం చేరేముందు పరీక్ష పెట్టారు, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు, తప్పులు దొరికితే మొహమాటం లేకుండా చెప్పారు. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతకన్నా గట్టిగా నేను జీవితంలో మరేదీ కోరుకోలేదు.

మూడో నెల మొదట్లో నాకు పదహారు రికార్డింగులు అప్పజెప్పారు. నెలలో చివరి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పదహారూ పంపితే ఉద్యోగం ఖాయం. యంత్రం మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

నాది ప్లాస్టిక్ ల్యాప్‌టాప్. నాలుగేళ్ళు వాడాను, ఏ రంగో నాకు తెలియదు. దాని మీద అక్కడక్కడ నా గుర్తులుండేవి. ఛార్జర్ గుచ్చే రంధ్రం పక్కన ఒకటి, కుడివైపు పైమూల ఆన్ చేసే బటన్ దగ్గర ఒకటి, కొన్ని మీటల మీద మరికొన్ని. ఆ గుర్తులు బొట్టుబిళ్ళలు. ఆడవాళ్ళు నుదుటికి పెట్టుకునే స్టిక్కర్లే. చూపు లేనివాళ్ళలో చాలామందిమి ఇదే వాడతాం. వేలికి తగిలేంత మందంగా ఉంటాయి, సందు చివర ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో ఎవరి నుదుటా బొట్టు ఉండదు కాబట్టి ఆ బిళ్ళలు పూర్తిగా నా ల్యాప్‌టాప్ వాడకానికే. రెండో నెల చివర్లో ఒకరోజు చూస్తే అవన్నీ లేవు. ఎండకు జిగురు కరిగి ఊడిపోయాయనుకుని కొత్తవి అంటించుకున్నాను.

తర్వాత రెండు వారాలకు ఆఫీసులో మూత తెరుస్తుంటే కుడివైపు కటుక్కుమంది. మూత ఒక పక్కకు వాలిపోయింది. హింజ్ దగ్గర ప్లాస్టిక్ పైకి లేచి వేలికి గుచ్చుకుంది. రబ్బరు బ్యాండ్లు చుట్టి రెండు రోజులు నెట్టుకొచ్చాను. ఆ మూల కదిలినప్పుడల్లా ఛార్జర్ వదులయ్యేది, బ్యాటరీ ఎప్పుడో పోయింది. మూడో రోజు యంత్రం టపీమని ఆగిపోయింది; దాంతోపాటు పదో రికార్డింగులో సగం పోయింది. ఆఫీసు చూసుకునే మేడమ్ నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకోసారి ఇలా ఆగితే మిగతావి వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదండీ. మీ పని నాకు నచ్చింది. కానీ నాకూ పైవాళ్ళున్నారు," అంది. ఆ మాటలో జాలి లేదు. అందుకే భయం వేసింది.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పరేషాన్ గాకు. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తా. ఫుల్ మెటల్ బాడీ, సన్నగా ఉంటది, అందరూ అదే కొంటున్నరు. ఎల్లుండికల్లా ఇంట్లో ఉంటది."

"నేను ముట్టుకోనిది కొనను."

"ల్యాప్‌టాప్‌లో ముట్టుకునేదేముంది అక్కా?"

ఫోన్ పెట్టేశాను. నా బట్టలు, నా కర్ర, చివరికి నేను వాడే సబ్బు, తినే బిస్కెట్లు కూడా ఎవరో ఒకరు ఎంచి తెచ్చినవే. దీన్ని మాత్రం నేనే ఎంచుకోవాలని ఆ క్షణంలో నిశ్చయించుకున్నాను.

ముందు పాతది బాగవుతుందేమో అడుగుదామని శనివారం సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటకు వెళ్ళాం, నేనూ అమ్మా. అమ్మది గుంటూరు వైపు. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరయింది. నాన్న పోయాక మల్కాజ్‌గిరిలో అద్దె ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. కార్ఖానా మెయిన్‌రోడ్డు పక్క గల్లీలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన కొట్టు ఒకటుంది. యాభై దాటిన మనిషి. నాకు తెర చూపించనివాడు ఆయనొక్కడే.

ఆయన స్క్రూలు విప్పి లోపల వేలితో తడిమి చూశాడు. "మేడమ్, గిది కింద పడ్డదా?" అన్నాడు తర్వాత.

"లేదన్నా."

"జెర ఇక్కడ వేలు పెట్టుండ్రి."

నా చూపుడువేలు పట్టుకుని హింజ్ పక్క మూలకు తీసుకెళ్ళాడు. అప్పడం మీద బుడిపెల్లా గరుకుగా ఉంది. నాలుగేళ్ళు నా చెయ్యి ఆనిన చోటది. అది నున్నగా ఉండాలి.

"దీనికేదో మందు తాకింది. నెయిల్ పాలిష్ తీసేదో, థిన్నరో. గీ ప్లాస్టిక్ దానికి ఆగదు, కరుగుతది. పైకి ఆరినట్టే కనిపిస్తది, లోపల పగుళ్ళు పడతయి. ఈ మూలల ఇత్తడి నట్లు ఉంటయి, హింజ్ బలమంతా వాటి మీదనే. మీరు మూత తీసినప్పుడల్లా పగులు పెరిగింది. మళ్ళ అతికిస్త కానీ నెల ఆగితే గొప్ప."

నేను గోళ్ళకు రంగు వేసుకోను. మా ఇంట్లో ఆ మందు సీసాయే లేదు. అదే మాట అన్నాను. నా పక్కన అమ్మ చేతిసంచీ గుండీ టిక్కుమని తెరుచుకుంది, టిక్కుమని మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

నేను అప్పటికి దాని గురించి ఆలోచించదలుచుకోలేదు. "అన్నా, అయితే ఏది ఆగుతుంది? అది చెప్పు," అన్నాను.

ఆయన నవ్వి బల్ల కింద నుంచి ఒక గోనెసంచీ లాగాడు. పనికిరాని ల్యాప్‌టాప్‌ల మూతలు, అడుగులు అన్నీ అందులో ఉన్నాయి. "నేను చెప్పుడేంది, మీరే చూడుండ్రి," అని స్టూలు మీద కుమ్మరించాడు. చూడండి అని ఎవరన్నా నాకు తప్పుగా తోచదు. ఆయన అన్నది మాత్రం నిజంగానే చూడమని.

గంటసేపు తడిమాను. మొదట మామూలు ప్లాస్టిక్. వేలి కణుపుతో కొడితే మూగగా టప్‌మంటుంది. రెండు చేతులతో పట్టి మెలిపెడితే టిఫిన్ డబ్బా మూతలా ఒంగుతుంది. చేతికి చల్లగా తగలదు, ఆ సుఖం ఉంది. ఇంకో ప్లాస్టిక్ ముక్క ఇచ్చి, దీంట్లో గాజుపోగు కలుపుతారన్నాడు. అది కాస్త ఇసుక రాలినట్టుంది, ఎంత మెలిపెట్టినా ఒంగలేదు. దానిమీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

తర్వాత అల్యూమినియం. తమ్ముడు కొంటానన్న సన్నపు రకం. చల్లగా, నున్నగా, పట్టుకుంటే దర్జాగా ఉంది. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. గోటితో కొడితే సన్నగా మోగింది. మూలన మాత్రం బొటనవేలు పట్టేంత సొట్ట. "పడితే పగలదు, సొట్టపోతది. సొట్టపోతే మూత సరిగ్గా కూసోదు," అన్నాడు ఆయన. టైపు చేసేటప్పుడు మణికట్టు ఎలా ఆనుతుందో అలా ఆనించి చూశాను. అంచు గీసుకుంటోంది. పది నిమిషాలకే ఇలా ఉంటే తొమ్మిది గంటలకు చర్మం లేచిపోతుంది.

మరో మూత చేతికొచ్చింది. తేలిగ్గా ఉంది, గట్టిగా ఉంది, మోగలేదు. "ఇదీ గాజుపోగు ప్లాస్టిక్కే," అన్నాను పరీక్షలో జవాబు చెప్పినట్టు.

"తప్పు. అది లోహమే. మెగ్నీషియం కలిపింది. పైన రంగు పూస్తరు కాబట్టి చేతికి తెల్వదు. ఇటు మూలకు రాండ్రి, రంగు లేచింది."

రూపాయి బిళ్ళంత చోట చల్లగా తగిలింది. చుట్టూ వెచ్చగా, మధ్యలో చల్లగా. తప్పు చెప్పినందుకు ఉక్రోషం వచ్చింది కానీ ఆ మూతను ఒళ్ళోనే ఉంచుకున్నాను.

రబ్బరు పూత పూసిన మూత ఒకటి బెల్లంపాకం అంటినట్టు వేళ్ళకు పట్టుకుంది. మన ఎండలకు ఆ పూత నాలుగేళ్ళలో జిగటైపోతుందట. కార్బన్ ఫైబర్ ముక్క ఒకటే ఉంది. అరచేతిలో ఉందో లేదో అన్నంత తేలిక, రాయంత గట్టి. నా స్థోమతకు అందేది కాదని తెలిసినా ప్రేమగా అంచు నిమిరాను. విరిగిన చోట పోగు సూదిలా దిగింది. నేను చెయ్యి వెనక్కి తీసుకునేలోపే అమ్మ ఆ వేలు పట్టుకుని, పోగు లాగేసి, కొంగుతో అదిమిపట్టింది.

చివరికి ఆయన నడుస్తున్న యంత్రాలు రెండు నా ముందు పెట్టాడు, రెండూ ఒకరు వాడి అమ్మినవే. ఒకటి అల్యూమినియం ఒంటిది. ఛార్జర్ పెట్టి, "చెయ్యి మెల్లగ రాయుండ్రి," అన్నాడు. మూత మీద వేళ్ళు నడిపితే చర్మం కింద చీమలు పాకినట్టు జిల్లుమంది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను.

"షాక్ గాదు, భయపడకుండ్రి. మా గల్లీల ఎర్త్ సరిగ్గ లేదు. ఎర్త్ లేని చోట లోహం డబ్బాకు గీ తక్లీఫ్ ఉంటది. కళ్ళున్నోళ్ళకు సుత ఉంటది కానీ వాళ్ళు పట్టించుకోరు."

మా ఇల్లు గుర్తొచ్చింది. ముందుగదిలో ఒకే ఒక్క సాకెట్ ప్లగ్గును గట్టిగా పట్టుకుంటుంది. దానికి మూడో కన్నం ఉంది కానీ వెనక తీగ లేదని ఎలక్ట్రీషియన్ ఎప్పుడో చెప్పాడు. నా వేళ్ళే నా జీవనాధారం. వాటి కింద రోజంతా చీమలు పాకితే నేను ఏం వింటాను, ఏం రాస్తాను? అల్యూమినియం సంగతి నా మనసులో అక్కడితో తేలిపోయింది. ఆలోచించి వస్తానని చెప్పి లేచాను.

ఆటో ఎక్కాక అడిగాను. "అమ్మా, ఆ మందు ఎక్కడిది?"

"ఏ మందే?"

"ఇందాకటి నుంచీ సంచీ గుండీ టిక్కు టిక్కుమనిపిస్తున్నావు. చెవులైతే పోలేదు నాకు."

ఆటో సిగ్నల్ దగ్గర ఆగి, కదిలి, ఇంకో మలుపు తిరిగింది. "పక్కింటావిడ దగ్గర తెచ్చాను," అంది అమ్మ. "దూది మీద కాస్త వేసి తుడిచానంతే. ఆస్పత్రిలో ప్లాస్టర్ ఊడదీశాక ఒంటి మీద జిగురు ఉండిపోతే అలాగే తుడిచేవాళ్ళం. ఎంతమందికి తుడిచానో. ఎవరికీ ఏవీ కాలేదు."

"నా ల్యాప్‌టాప్‌ను ఎందుకు తుడిచావు?"

"ఆ రోజు ఇంట్లో కూడిక ఉంది కదమ్మా. నువ్వేమో బ్యాంకు పని మీద వెళ్తూ దాన్ని బల్ల మీదే వదిలేశావు. దాని నిండా బొట్టుబిళ్ళలు. వచ్చినవాళ్ళు చూస్తే ఏవనుకుంటారు?"

మా చర్చి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక నెలకొకసారి, చివరి శుక్రవారం, మా ఇంట్లో జరుగుతుంది. మెట్లెక్కే పని లేని ఇల్లు మాదే. పది పన్నెండు మంది వస్తారు. వాళ్ళ కోసం అమ్మ ఇల్లంతా కడుగుతుంది, దిండ్ల గలీబులు మారుస్తుంది. ఆ రోజు నా కళ్ళను కూడా శుభ్రం చేసిందన్నమాట.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆటో అతను వింటున్నాడని కూడా చూడలేదు. "నీకవి బొట్లు. నాకవి దారి. ఎవరో ఏమో అనుకుంటారని నా ఉద్యోగం తుడిచేశావు. ఒక్కమాట అడగాలని తోచలేదా? ఊడిపోయాయనుకుని నేను మళ్ళీ అంటించుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావు కదా!"

"తప్పయిందమ్మా," అంది. ఆ రాత్రి నా కంచం తీసుకుని లోపలి గదిలో ఒక్కదాన్నే తిన్నాను.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి ఒక్కదాన్నే బయల్దేరాను. అమ్మ గుమ్మం దాకా వచ్చి చెప్పులు నా కాళ్ళ ముందుకు జరిపింది. నేను వేసుకుని వెళ్ళిపోయాను. లోకల్ రైల్లో సికింద్రాబాద్ వచ్చి, ఆటోలో పార్క్‌లేన్ చేరాను. అక్కడ ఒక భవనం నిండా కంప్యూటర్ దుకాణాలే. కొత్తవి కూడా చూడకుండా నిర్ణయం తీసుకుంటే నన్ను నేనే నమ్మను.

మొదటి దుకాణంలో మామూలుగానే తెర తిప్పారు. "మూత మూసెయ్యండి," అన్నాను. మూసిన మూతను కణుపుతో కొట్టాను, చెంపకు ఆనించుకున్నాను, ఒక మూల పట్టుకుని పైకెత్తాను. అమ్మే అబ్బాయి ఊపిరి బిగబట్టడం వినిపించింది.

"మేడమ్, జాగ్రత్త. ఇది ప్రీమియం మెటల్ ఫినిష్."

"దీని ఛార్జర్‌ను ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే చెయ్యి జిల్లుమంటుందా?"

"మా షాపుల ఎర్తింగ్ పర్‌ఫెక్ట్ మేడమ్."

"మీ షాపులో కూర్చుని పని చెయ్యమంటారా మరి?"

ఎవరో పక్కన కిసుక్కుమన్నారు. నాలుగు దుకాణాలు తిరిగాను. నా స్థోమతలో ఉన్న కొత్తవాటిలో సగం ప్లాస్టిక్‌వి. మీటల మధ్య నొక్కితే పరుపులా దిగాయి. మిగతా సగానికి మూత మాత్రమే లోహం, హింజ్ పట్టుకునే చోటు మళ్ళీ ఆ ప్లాస్టిక్కే. పైన చీర, లోపల చిరిగిన లంగా. నాలుగో దుకాణాయన విసుగ్గా, "ఇంట్లోవాళ్ళను తీసుకుని రండి మేడమ్," అన్నాడు. నేనే ఇంట్లోవాళ్ళని అని చెప్పి బయటికొచ్చాను. కాళ్ళు నొప్పి పుడుతున్నాయి, ఆకలేస్తోంది. కానీ ఏం కావాలో ఇప్పుడు స్పష్టంగా తెలుసు.

మళ్ళీ కార్ఖానా. "అన్నా, ఆ రెండోది ఇవ్వు," అన్నాను.

ఆ రెండోది ఎప్పుడో ఏదో ఆఫీసు వాడి తీసేసిన యంత్రం. మూత మెగ్నీషియంది, అడుగు గాజుపోగు ప్లాస్టిక్‌ది, హింజ్ స్క్రూలు లోపలి లోహపు చట్రంలోకి దిగాయి. మణికట్లు ఆనే చోట అంచు గుండ్రం. ఛార్జర్ పెట్టి ఎంతసేపు రాసినా చీమలు పాకలేదు. లోపాలు లేకపోలేదు. బ్యాటరీ అరగంటకు మించి నిలవదు, మూలల్లో రంగు పెచ్చులూడింది, మూత మీద ఎవరో మేకుతో ఏదో అక్షరం గీశారు. ఇదే మందు దీనికి తాకితే ఏమవుతుందని అడిగాను. "మూత మీది రంగు పోతది, లోహం పోదు. అయినా మళ్ళ ఎందుకు తాకిస్తరు?" అని నవ్వాడు.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చి దాన్ని చూశాడు. "ఏందక్కా గిది, పాత ఇనుప సామాన్ లెక్క ఉంది."

"ఇనుము కాదు, మెగ్నీషియం," అన్నాను.

ఇంటికొచ్చే దారిలోనే ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్ళల అట్ట కొనుక్కొచ్చాను. ముందుగదిలో అమ్మ కూర్చుని ఉండగానే ఒక్కొక్కటీ అంటించాను. కావాలనే ఉన్నవాటిలో పెద్దవి తెచ్చాను.

ఇంకా ఏడు రికార్డింగులున్నాయి, పోయిన సగంతో కలిపి. పదకొండు రోజుల గడువు. పొద్దున్నే లేచి ఒక గంట, ఆఫీసులో రోజంతా, మళ్ళీ ఇంటికొచ్చి భోజనం దాకా. ఒక రికార్డింగులో మగ్గం చప్పుడు మాటల్ని మింగేసింది. ఒకే వాక్యాన్ని ముప్పైసార్లు విన్నాను. నాలుగో రోజు సికింద్రాబాద్ స్టేషన్ మెట్ల మీద ఎవరో పరుగెత్తుతూ గుద్దుకుని నా సంచీ కింద పడింది. రెండు మెట్లు దొర్లిన చప్పుడు స్పష్టంగా విన్నాను. అక్కడే మెట్టు మీద కూలబడి, జనం తిట్టుకుంటూ దాటి పోతుంటే, మూత తెరిచి బటన్ నొక్కాను. చెవిలో గొంతు పలికింది. మూత రెండువైపులా సమానంగా లేచింది. మూలన ఇంకొంచెం రంగు రాలింది, అంతే. నాకు ఆ మెట్టు మీదే నవ్వొచ్చింది.

చివరి శుక్రవారం ఇంటి నుంచి పని చేసుకోమని మేడమ్ అనుమతి ఇచ్చింది. పదిహేనున్నర అయ్యాయి. పదహారో దాంట్లో సగం మిగిలింది. మధ్యాహ్నం మూడింటికి గేటు చప్పుడయ్యాక గానీ ఆ రోజు కూడిక అన్న సంగతి నాకు గుర్తు రాలేదు. అమ్మ కూడా చెప్పలేదు. మా మధ్య మాటలు అన్నం, మంచినీళ్ళ దాకానే వచ్చాయి మరి.

ఐదింటికల్లా పంపాననీ, ఉద్యోగం ఖాయమయిందనీ, ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాననీ ఇక్కడే చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నం నుంచి నా దగ్గర మిగిలింది వేరే ఉంది.

ముందుగదిలో బల్ల, బల్ల దగ్గర నేను, నా ముందు బిళ్ళలు అంటించిన డబ్బా. ఈ గదిలోనే చాపలు పరుస్తారు. లోపలి గదికి పోదామంటే అక్కడ సాకెట్ లేదు, బ్యాటరీ అరగంటే. నేను లేవనని నిశ్చయించుకుని భుజాలు బిగించి కూర్చున్నాను. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడు, పలకరింపులు. ఎవరో నా పక్కకొచ్చి, "ఇదేంటండీ దీనికి బొట్లు పెట్టారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది: "అవి గుర్తులండీ, తనే పెట్టుకుంది. ముట్టుకోకండి, పనిలో ఉంది. రండి, ఇవాళ మనం లోపల కూర్చుందాం."

లోపలి గది పదడుగులుంటుంది, అందులో మంచం ఒకటి. పన్నెండు మంది ఆడవాళ్ళు, అందులో ఇద్దరు మోకాళ్ళు వంగనివాళ్ళు, మంచం మీదా కిందా బీరువాకు ఆనుకునీ సర్దుకున్నారు. పాట ఎత్తుకోగానే అమ్మ, "మెల్లగా పాడదాం, తను విని రాయాలి," అనడం వినిపించింది. మా చర్చి ఆడవాళ్ళు మెల్లగా పాడడం నేను పుట్టి ఎరగను. ఆ రోజు పాడారు.

నాలుగున్నరకు మనవులు మొదలయ్యాయి. కూడిక చివర ఒక్కొక్కరూ తమకేం కావాలో చెప్తారు, అందరూ దానికోసం ప్రార్థిస్తారు. నాకు ఆరేళ్ళప్పటి నుంచీ మా అమ్మ మనవి ఒకటే: మా అమ్మాయికి చూపు రావాలి. పిల్లగా ఉన్నప్పుడు నన్ను మధ్యలో కూర్చోబెట్టి అడిగేది. పెద్దయ్యాక నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. అమ్మ మనసు ఎరిగీ ఆ మనవిని ద్వేషించాను. నేను బతుకుతున్న బతుకు ఆమెకు లెక్కలోకే రాలేదనిపించేది. ఎన్నేళ్ళయినా దానికి నేను ఆమెన్ అన్నది లేదు.

అమ్మ వంతు రాగానే అలవాటు ప్రకారం హెడ్‌ఫోన్ సర్దుకుని చప్పుడు పెంచబోయాను. కానీ వేలు ఆగింది. తలుపు ఓరగా తెరిచే ఉంది.

"ఐదింటిలోపు మా అమ్మాయి ఆ పని పంపెయ్యాలి," అంది అమ్మ. "ఆ మిషను మధ్యలో ఆగకూడదు. ఆ ఉద్యోగం తనకు కావాలి. అంతేనండీ, ఇంకేం లేదు."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. పన్నెండు గొంతులు మెల్లగా దాన్నే అడగడం మొదలుపెట్టాయి.

వేళ్ళు మీటల మీదే ఉంచి, లోపలి గదికి వినపడేంత గట్టిగా నేనూ ఆమెన్ అన్నాను. ఇంకా ఏడు నిమిషాల రికార్డింగు మిగిలి ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ టైపు చెయ్యసాగాను.